సంచిలో అన్నిటికన్నా పైన ఉండవలసినది

మీ ఇంట్లో కూతురో కోడలో ఎనిమిదో నెలలో ఉన్నట్లయితే, ఈ వ్యాసం చదివిన తరువాత ఒక్కసారి లేచి ఆమె కాగితాలు ఎక్కడున్నాయో చూడండి. బట్టల సంగతి తరువాత.

నేను పనిచేసిన ప్రాంతాలలో తిరుమలగిరి ఒకటి. సికింద్రాబాదు తిరుమలగిరి కాదు, సాగర్ దగ్గరిదీ కాదు. సూర్యాపేట నుండి జనగామకు పోయే దారిలో ఉన్నది. అక్కడ కాన్పుకు ముందే సంచి సర్దుకొమ్మంటే పెద్దవాళ్లు నొచ్చుకునేవారు. “పుట్టకముందే బట్టలు కొనుడేంది సారూ?” అని ఒక అత్తగారు నన్ను గట్టిగానే మందలించింది. ఆమెను తప్పుపట్టలేను. కడుపులోని బిడ్డ చేతికి వస్తుందో రాదో తెలియని కాలంలో పుట్టిన భయమది. వాదించడం మానేసి, కొనవద్దనే చెప్పేవాణ్ణి. ఇంట్లోని పాత నూలు చీరో, పాత పంచెనో చింపి, ఉతికి, ఎండలో బాగా ఆరవేసి నాలుగైదు గుడ్డలు మూటకట్టుకుంటే చాలు. నిజానికి పసిచర్మానికి గంజి పోని కొత్తబట్ట కన్నా అవే మెత్తన.

నన్ను ఇప్పటికీ బాధించే సంగతి వేరే ఉన్నది. సుమారు ముప్పై ఏళ్ల కిందట ఒక యువతి తొలిచూలుతో పరీక్షకు వచ్చింది. రక్తం బి నెగెటివ్. చీటీ చేతికిచ్చి “జాగ్రత్తగా దాచుకో బిడ్డా” అన్నాను. ఎందుకో చెప్పలేదు, బయట వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. ఆచారం ప్రకారం తొలి కాన్పుకు ఆమె తల్లిగారింటికి వెళ్లింది. అక్కడొక చిన్న ఆసుపత్రిలో సుఖప్రసవమై ఆడపిల్ల పుట్టింది. మరునాడే ఇంటికి పంపించారు. రక్తపు గ్రూపు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కొన్నేళ్లకు రెండో బిడ్డ పుట్టాడు. ఒక్క రోజులోనే ఒళ్లంతా పచ్చబడింది. హైదరాబాదు చేర్చారు గాని దక్కలేదు. తరువాత ఆమె కనిపించినప్పుడు ఆ చీటీ ఏమైందని అడిగాను. “దాసిపెట్టిన సారూ, అత్తగారింట్ల పెట్టెల ఉన్నది” అన్నది. నేను చెప్పినట్లే చేసింది.

నెగెటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉంటే, ప్రసవ సమయంలో బిడ్డ రక్తకణాలు కొన్ని తల్లి రక్తంలో చేరవచ్చు. తల్లి శరీరం వాటిని పరాయివిగా గుర్తించి ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తరువాతి బిడ్డ కూడా పాజిటివ్ అయితే, దాని ఎర్రకణాలను అవి నాశనం చేస్తాయి. తొలి ప్రసవమైన 72 గంటలలోపు యాంటీ-డి సూది వేస్తే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. గర్భం పోయినప్పుడు కూడా ఈ సూది గురించి వైద్యులను తప్పక అడగాలి.

ఇప్పుడు ఆసుపత్రిలో చేరగానే గ్రూపు చూస్తారు కదా అంటారేమో. చూస్తారు. కానీ తిరుమలగిరిలో నొప్పులు మొదలైన స్త్రీ సూర్యాపేటకో జనగామకో, అక్కడి నుండి హైదరాబాదుకో మారవలసి రావచ్చు. మారిన ప్రతిచోటా ఆమె కొత్త మనిషే. రక్తస్రావమవుతున్నప్పుడు పాత రిపోర్టు మిగిల్చే పది నిమిషాల విలువ ప్రసవాల గదిలో నిలబడినవారికే తెలుసు.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం వల్ల ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రవాణా ఉచితమయ్యాయి. 2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్టులో బిడ్డ బట్టలు, సబ్బు, నూనె, దోమతెర వంటివి ఇచ్చారు. మంచి పనే. అయితే “అన్నీ అక్కడే ఇస్తరు, సంచెందుకు?” అనేవారూ ఎక్కువయ్యారు. కిట్టు ప్రసవం తరువాత చేతికి వచ్చేది. పైగా ఏ కిట్టులోనూ మీ పాత పరీక్షల చీటీ ఉండదు.

కనుక తల్లీబిడ్డల కార్డు, స్కానింగు, రక్తపరీక్షల రిపోర్టులు, బీపీకో థైరాయిడ్‌కో వాడుతున్న మందుల చీటీ, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. రక్తం ఇవ్వగల ఇద్దరి ఫోను నంబర్లు కవరు మీదే రాయండి. ఆ కవరు గర్భిణితోపాటు 108 ఎక్కే మనిషి చేతిలో ఉండాలి; వెనుక మోటారు సైకిల్ మీద వచ్చే భర్త దగ్గర కాదు. తల్లిగారింటికి వెళ్లే రోజున చీరలకన్నా ముందు సంచిలో చేరవలసినది కూడా అదే.

మిగిలినవి మీకు తెలిసినవే: ముందువైపు తెరుచుకునే నైటీలు రెండు, ప్యాడ్లు, తువ్వాలు, చెప్పులు, ఫోను చార్జరు. బిడ్డకు టోపీ మరువకండి. పసికందు ఒంటి వేడి తల నుండి చాలా పోతుంది. తేనె సీసా, చక్కెర పొట్లం, కాటుక డబ్బీ కనిపిస్తే తీసి ఇంట్లోనే పెట్టండి. తొలి గంటలో బిడ్డకు కావలసినది ముర్రుపాలు మాత్రమే.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా సంచి కోసం ఆగవద్దు. కవరు ఒక్కటి తీసుకొని బయలుదేరండి.

నా ఉద్యోగ విరమణకు కొద్దికాలం ముందు, ఆ తొలి ఆడపిల్ల నిండు గర్భిణిగా తల్లి వెంట వచ్చింది. తల్లి భుజాన గుడ్డసంచి. అందులో కొత్తబట్ట ఒక్కటీ లేదు, అన్నీ పాత చీర ముక్కలే. పైన కవరు. కూతురిది బి పాజిటివ్, ఆ సూదితో పనేలేదు. అయినా నేను అడగకముందే ఆ తల్లి కవరు తీసి నా బల్ల మీద పెట్టింది.