కేసీ కాలువ వెంట సరుకు దారి

కర్నూలుకు ఎగువన, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర కేసీ (కర్నూలు–కడప) కాలువ మొదలవుతుంది. అక్కడి నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు. దీన్ని మనం పంట కాలువగానే ఎరుగుదుం. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది మాత్రం రెండు పనులకు: పొలానికి నీరు, సరుకుకు దారి. ఆ ఆలోచనకు బలం సర్ ఆర్థర్ కాటన్. రైలు కన్నా నీటి మీద బరువు చౌకగా కదులుతుందని ఆయన జీవితమంతా వాదించాడు. కాటన్ లెక్క రూపాయల్లో కట్టాడు. ఈనాడు అదే లెక్కను పొగలో కట్టాలి: తక్కువ శక్తితో కదిలే సరుకు తక్కువ కర్బనం వదులుతుంది.

కర్నూలులో కాలువ హంద్రీ నదిని అక్విడక్టు మీదుగా దాటుతుంది. ఆ ఊళ్లోనే ఇప్పటి సరుకు దారులూ కలుస్తాయి. హైదరాబాదు, బెంగళూరుల మధ్య 44వ నంబరు జాతీయ రహదారి ఒకటి, నంద్యాల మీదుగా కడపకు పోయే 40వ నంబరు రహదారి ఇంకొకటి. రెండింటి మీదా రాత్రీ పగలూ లారీలే.

కాలువ తూర్పుకు సాగి మిట్టకందాల దగ్గర గట్టు దాటుతుంది. కృష్ణా పరీవాహకంలోని నీళ్లు పెన్నా వైపు మళ్లేది అక్కడే. నీటిని మళ్లించడంలో ఇంజనీర్లు గెలిచారు, పడవలను నిలపడంలో ఓడారు. వేసవిలో తుంగభద్ర ఎండిపోతే పడవకు నీరెక్కడిది? కాలువను సముద్రం దాకా కలిపే ఊహ కాగితం దాటలేదు. ఇంతలో 1871 నాటికి కడప మీదుగా మద్రాసు, బొంబాయి రైలు మార్గం కలిసిపోయింది. నష్టాల్లో మునిగిన కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. 1933లో పడవల రాకపోకలు పూర్తిగా మానేశారు.

నంద్యాల చేరేసరికి కాలువ తన అసలు విలువ చూపిస్తుంది. రెండున్నర లక్షల ఎకరాలకు పైబడిన ఆయకట్టులో పండే సన్నబియ్యం దూర నగరాలకు వెళుతుంది. ఒక గూడ్సు రైలు మోసే రెండున్నర వేల టన్నుల బియ్యానికి, పాతిక టన్నుల లారీలు నూరు కావాలి. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి రాపిడి తక్కువ. రోడ్డు మీద రబ్బరు టైరుకు ఎక్కువ. తేడా చాలావరకు అక్కడుంది. సరుకు దింపిన లారీకి రిటర్న్ లోడు దొరక్కపోతే ఖాళీ బండి తాగిన డీజిలూ ఆ బియ్యం లెక్కలోకే వస్తుంది.

నంద్యాల దిగువన కాలువ కుందూ లోయ వెంట సాగుతుంది. అటువైపే బనగానపల్లె, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో పూర్తయింది. సున్నపురాయి, సిమెంటు, నాపరాళ్ల సీమ ఇది. బరువైన, త్వరగా పాడవని సరుకు. రైలు మీద పోవాల్సింది మొదట ఇదే.

రైలును లాగే కరెంటు ఇంజనుకు ఆ కరెంటు బొగ్గు నుంచే వస్తే పొగ తగ్గినట్టేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం బొగ్గుతోనే నడుస్తుంది. కాని కర్నూలు, నంద్యాలల నడుమ గని–శకునాల భూముల్లో 1000 మెగావాట్ల సౌర పార్కు ఉంది. కరెంటు శుభ్రపడే కొద్దీ రైలూ శుభ్రపడుతుంది. డీజిల్ లారీకి ఆ అవకాశం లేదు.

చివరికి కాలువ పెన్నా మీది ఆదినిమ్మాయపల్లె ఆనకట్టను చేరి, కడప పొలాల్లో ముగుస్తుంది. పడవలను మళ్లీ రప్పించమని నేను అడగను. కరువు సీమలో ప్రతి చుక్కా ముందు పైరుది, తాగునీటిది. కాటన్ కాలువ సరుకు దారిగా ఓడింది నీరు చాలక మాత్రమే కాదు, ఎటూ కలవక తెగిపోయి ఉన్నందుకు కూడా. ఆ తప్పు రైలు విషయంలో చేయకూడదు. సరుకు రవాణాలో తన వాటాను 2030 నాటికి 45 శాతానికి పెంచుకోవాలని రైల్వే లక్ష్యం పెట్టుకుంది. మిల్లు నుంచి, గని నుంచి, మార్కెట్ యార్డు నుంచి గూడ్స్ షెడ్డు దాకా చివరి మైలు కలపకపోతే అది అంకెగానే మిగులుతుంది. చిన్న రైతుల, మిల్లర్ల సరుకును ఒకచోట కూడగట్టి వ్యాగన్ నింపే ఏర్పాటు కావాలి. మన ఎమ్మెల్యేలను, ఎంపీలను కొత్త రోడ్డు అడిగినంత గట్టిగా గూడ్స్ షెడ్డునూ అడుగుదాం.