వలసపోయిన లోయ: ఆగ్రి నదీ ప్రస్థానము

పాదుకాకారమైన ఇటలీ ద్వీపకల్పమున, మడమకును మునివ్రేళ్లకును నడుమ అరికాలి వంపులో, బాసిలికాతా యనబడు ఒక బీదమండలము కలదు. ప్రాచీనులు దానిని లుకానియా యనిరి. ఆ మండలమున అపెనైన్ పర్వతములయందు మార్సికో నువోవో పట్టణమునకు ఎగువను పుట్టి, ఆగ్నేయముగా సుమారు 136 కిలోమీటర్లు ప్రవహించి, పొలికోరో చెంత అయోనియ సముద్రమున కలియు ఆగ్రిని, గోదావరీకృష్ణలను చూచిన కన్నులతో చూచినచో, నది యనుటకే మనసొప్పదు. వేసవిలో అది గులకరాళ్ల నడుమ పారు సన్నని యేరు. శీతకాలపు వానలకు మాత్రము కొండచరియలను కోసికొనిపోవును. అయినను ఆ యేటి ఒడ్డున వెలసిన కొండయూళ్లనుండి బయలుదేరిన జనము రెండు అమెరికా ఖండముల నగరములలోను పేటలకు పేటలు నింపినది.

న్యూజెర్సీలో మా పొరుగింట నొక పెద్దమనిషి యున్నాడు. జీవితమంతయు బస్సు నడిపి విశ్రమించినవాడు. ఆదివార మధ్యాహ్నములందు ఆయన యింట మూడు తరములవారు కూడి భుజించువేళ, గోడమీది, ఆగ్రి లోయలోని విజ్జానో యను ఊరి నల్లమాత, అనగా నల్లని మేరీమాత, పటము క్రింద కూర్చుండి, ఎన్నడును చూడని ఆ యూరిని గూర్చి నిన్ననే విడిచివచ్చినట్లు ముచ్చటించుకొనుట పలుమారులు వింటిని. “మా తాత ఊరు ఒక్కసారి చూచి రావలెనండి. మీవారికిని ఊరిమీద ప్రీతి యెక్కువ గదా, తోడు రండి” అని ఆయన యడుగగా, ఇంటికొకరు చొప్పున అమెరికాకు పోయిన కృష్ణాతీర గ్రామమున పుట్టిన నాకు కాదన నోరు రాలేదు.

నదికి ఎగువభాగమును మేము కారులోనుండియే చూచి దాటినాము. గ్రుమెంటుమ్ శిథిలములు, రోమకుల రంగస్థలమును క్రీడాస్థలమును, క్రీ.పూ. 207లో హన్నిబాలునకును రోమకసేనకును పోరు జరిగిన ఆ నేలయు, నా మిత్రుని అరగంటయైనను నిలుపలేకపోయినవి. ఆయనకు కావలసిన చరిత్ర రెండువేల యేండ్లది కాదు, నూటయేబదియేండ్ల లోపుది. ఆ చెంతనే కొండమీదనున్న మొలితెర్నోను గూర్చి మాత్రము ఒక మాట చెప్పవలసియున్నది. 1902లో ప్రధానమంత్రి జుసెప్పె జనార్దెల్లి ఈ మండలపు దైన్యమును స్వయముగా పరికింప వచ్చినప్పుడు, ఆ యూరి మేయరు స్వాగతము పల్కుచు, తాను ఎనిమిదివేలమంది పౌరుల పక్షమున నమస్కరించుచున్నాననియు, వారిలో మూడువేలమంది అమెరికాలో నున్నారనియు, తక్కిన ఐదువేలమందియు పయనమునకు సిద్ధపడుచున్నారనియు విన్నవించెనట. స్వాగతమని పేరేగాని అది అభియోగపత్రము. 1857 డిసెంబరు 16 నాటి రాత్రి వచ్చిన భూకంపమున మొంతెముర్రో, సపొనారా మొదలైన ఈ లోయలోని ఊళ్లు నేలమట్టమై వేలకొలది ప్రాణములు పోయినవి. 1861లో ఇటలీ ఏకమైన పిదప పన్నులు పెరిగినవేగాని భూమి దున్నువాని చేతికి రాలేదు. పల్లమున మలేరియా, మెట్టన నిస్సారమైన మట్టి. 1880కిని 1924కిని నడుమ అమెరికా సంయుక్తరాష్ట్రములకు చేరిన నలుబదిలక్షలకు పైబడిన ఇటాలియనులలో దక్షిణాదివారే అధికులగుటకు వేరు కారణములు వెదకనక్కరలేదు.

విజ్జానోవారు అందరికంటె ముందే దేశాంతరములు పట్టినారు. ఆ యూరి పనివారు, భుజమునకు పట్టీతో తగిలించుకొని మోయదగిన చిన్న హార్పు వాద్యములు చేయుచుండగా, పొలముపనులు లేని కాలమున రైతులు వానిని మోసికొని, వయొలినును వేణువును తోడుచేసికొని, మొదట నేపుల్సు వీథులకును, పిదప పారిస్, లండన్, న్యూయార్కులకును పోయి వాయించి, సంపాదించినది ఇంటికి తెచ్చుకొనుచుండిరి. ఈ వృత్తియందు క్రౌర్యమును లేకపోలేదు: తల్లిదండ్రులు కరారు వ్రాసి అప్పగించిన పసివారిచేత పరదేశపు వీథులలో వాయింపించి ఆ డబ్బు గుంజుకొను పెద్దలుండిరి; 1873లో ఇటలీయు, మరుసటియేట అమెరికాయు దీనిని శాసనములతో నిషేధింపవలసివచ్చెను. ఈ సంప్రదాయముతో సంబంధముగల కుటుంబమున 1920లో షికాగోలో జన్మించిన విక్టర్ సాల్వి, న్యూయార్కు ఫిల్హార్మోనిక్ వాద్యబృందమున హార్పు వాయించి, పిదప ఇటలీకి మరలివచ్చి హార్పుల కర్మాగారమును నెలకొల్పెను. అయితే అది స్థిరపడినది ఉత్తరమున పియాస్కోలో. తిరిగివచ్చువారికిని ఈ లోయ దారిలో తగులలేదు.

నేపుల్సు రాజ్యమున 1809నుండి జనన మరణ వివాహములను ప్రభుత్వమే నమోదు చేయుచు వచ్చుటచేత, దక్షిణ ఇటలీలో కూలివాని వంశమునైనను రెండు శతాబ్దముల వెనుకదాక పట్టుకొనవచ్చును. స్త్రీలను పుట్టినింటి పేరుతోనే వ్రాయుట వెదకువారికి మరియొక సౌకర్యము. విజ్జానో పురపాలక కార్యాలయమున ఉద్యోగిని తెచ్చి బల్లమీద నుంచిన పుస్తకమునకు వీపుతోలు చిట్లియున్నది. ప్రతి పుటయందును సగము అచ్చు, ఖాళీలలో గోధుమవన్నెకు తిరిగిన సిరాతో చేవ్రాత. మిత్రుని తాతగారి జననము దొరికినది. బిడ్డపుట్టుకను తెలుపుటకు రావలసిన తండ్రి రాలేదు. మంత్రసాని వచ్చి, తండ్రి ఊర లేనందున తాను తెలుపుచున్నానని చెప్పినది. తండ్రి వృత్తి వాద్యకారుడని యున్నది. తుదను, మంత్రసానికి వ్రాత రాదు గావున ఆమె సంతకము లేదని పూరించియున్నది. తాతయే అమెరికాకు మొదట వచ్చినవాడని ఆ కుటుంబమున అందరును నమ్మియున్నారు. మిత్రుడు ఆ పుటను రెండుమారులు చదివించుకొని, “అయితే మా తాత పుట్టుటకు ముందే మావారు సముద్రము దాటుచుండిరన్నమాట. మనకు చెప్పిన కథ సగమునుండి మొదలైనదండి” అనెను.

2024ను ఇటలీ ప్రభుత్వము ప్రవాసుల మూలములకు అంకితమైన సంవత్సరముగా ప్రకటించి, పూర్వికుల గ్రామములను చూడరండని విదేశములలోని సంతతిని పిలిచినది. 2025 మార్చిలో అత్యవసర శాసనమొకటి తెచ్చి, వంశక్రమమున వచ్చు పౌరసత్వమును ప్రధానముగా తల్లిదండ్రులు, తాతయవ్వల తరమువరకే కుదించినది. దరఖాస్తులు గుట్టలుపడి కార్యాలయములకు ఊపిరాడని మాట నిజమే. ప్రయాణసౌలభ్యమునకై మాత్రమే పాసుపోర్టు కోరినవారుండిన మాటయు నిజమే. అయినను 1924లో అమెరికా ద్వారము బిగించి ఏటికి నాలుగువేలకు లోపుగా మాత్రమే ఇటాలియనులను రానిచ్చిన నూరేండ్లకు, పంపినదేశమే తన ద్వారమును బిగించుకొనుటను, ఆహ్వానపత్రికల తడి యారకముందే ఆ పని చేయుటను, మర్యాద యనలేము. నా మిత్రుని కుమార్తెకు ముత్తాత పేరు పుస్తకమున దొరికినది. ఆ పేరు చూపి ఆమె అడుగదగినది ఏమియు లేదు.

మనుష్యులు పోగా మిగిలిన లోయనుండి పిదప నీరును, దానివెనుక చమురును పోవ నారంభించినవి. 1957కును 1962కును నడుమ పెర్తుసిల్లో వద్ద ఆగ్రికి అడ్డముగా కట్టిన ఆనకట్ట వెనుక 15 కోట్ల 50 లక్షల ఘనపు మీటర్ల నీరు నిలువగలదు. అందు పెద్దభాగము పొరుగుననున్న పూలియా మండలపు కుళాయిలకును పొలములకును పోవును. దప్పిగొన్నవానికి నీరిచ్చుట ధర్మమే. ఇచ్చు నీటిని చెడకుండ కాచుటయు ఆ ధర్మమున భాగమే గదా! ఆ జలాశయమునకు కొలది కిలోమీటర్ల ఎగువనే, విజ్జానో క్రింది మైదానమున, పశ్చిమ ఐరోపా భూభాగమునందెల్ల పెద్దదని చెప్పబడు చమురుక్షేత్రమునకు కేంద్రమును నిర్మించినారు. నల్లమాతను ప్రతియేట మే మాసపు మొదటి ఆదివారము ఊరినుండి కొండశిఖరమునకు మోసికొనిపోయి, సెప్టెంబరు మొదటి ఆదివారము దించుకొనివత్తురు. ఆ కొండదారినుండి చూచినను కంటికి తగులునది ఆ కేంద్రపు గొట్టముమీది మంటయే. అచటినుండి తరంతో రేవునకు చమురును కొనిపోవు గొట్టపుమార్గము నిడివియు నదితో సమానముగా 136 కిలోమీటర్లు! 2017లో ఆ కేంద్రపు తొట్టినుండి 400 టన్నుల చమురు నేలలోనికి ఇంకినట్లు తేలి, సుమారు మూడుమాసములు ఉత్పత్తి నిలిపివేయవలసివచ్చెను. ఈ సంపదకు ప్రతిఫలముగా రాయల్టీ వచ్చుచున్నమాట వాస్తవము. అది యువకులను ఊర నిలుపజాలకున్నమాటయు వాస్తవము. మండలమంతటి జనసంఖ్య నేడు ఐదున్నర లక్షలకు లోపే. త్రాగునీటి జలాశయమునకు ఎగువన చమురు తోడుటకు ధైర్యము చేసినవారు, దిగువన ఓట్లు దండిగా నున్నచో ఆ ధైర్యము చేసియుందురా యని నా సందేహము.

ఆనకట్ట దాటిన పిదప లోయ రూపు మారి, పచ్చదనము పోయి, వానలకు కోతపడిన తెల్లని బంకమట్టిగుట్టలు కనబడును. ఆ గుట్టల అంచున ఆలియానో నిలిచియున్నది. ఫాసిస్టు ప్రభుత్వము 1935లో ఈ మండలమునకు ప్రవాసముపంపిన టొరినో వైద్యుడును చిత్రకారుడునైన కార్లో లేవి, ఆ యూరినిగూర్చి వ్రాసి 1945లో ప్రకటించిన గ్రంథమున, ఊర పన్నెండువందలమందియు, అమెరికాలో ఆ యూరివారు రెండువేలమందియు నున్నారని చెప్పినాడు. ఇంటింటను విజ్జానో మాత పటముప్రక్కన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు పటముండుటను ఆయన గమనించినాడు. 1929 నాటి ఆర్థికవిపత్తునకు ముందువెనుకల తిరిగివచ్చి, కొన్న నేలయే ఉచ్చుకాగా మరల పోలేక చిక్కుకొన్న ‘అమెరికావారి’ దుఃఖమును ఎత్తిచూపినాడు. 1975లో మరణించిన ఆయన సమాధియు అచటనే యున్నది.

సముద్రమువరకు మేము పోలేదు. ఆలియానోకు దిగువన గన్నానో వద్ద, మిగిలిన నీటిని సాగుకాలువలు మళ్లించుకొనుచున్నవి. ఆపైన చూడదగినంత నది యుండదని అచటివారే చెప్పినారు. వంశవృక్షమును గీసికొని, పటము తీసికొని పోవువాడు ఆ యూరికి అతిథి మాత్రమే. అచటి నీరు తనవారు త్రాగు నీరనుకొని దానిమంచిచెడ్డలు విచారించువాడు బంధువు. న్యూజెర్సీకి వచ్చినపిదప నా మిత్రుడు, తాతగారి జననపత్రపు నకలుతోపాటు పెర్తుసిల్లో నీటిపరీక్షల ఫలితములనుగూడ అధికారులనుండి తెప్పింపవలెనని పట్టుబట్టినాడు. “నీటిలెక్క మనకెందుకు నాన్నా?” అని కుమార్తె మొదట నవ్వినది, ఉత్తరము మాత్రము తానే కూర్చుండి ఇటాలియనున వ్రాసినది.