శాండియాగో నగరమున నొక రాత్రి భోజనము

గృహిణి యైనది తాను వండని యన్నమును రెండు విధములుగా తినును. నాలుకతో రుచి చూచును, మనస్సుతో "ఇది యెట్లు చేసిరి?" యని విచారించును. గడచిన వేసవి సెలవులలో మేము మావారితో గూడ అమెరికా దేశమునకు పోయి, కాలిఫోర్నియా రాష్ట్రమున శాండియాగో నగరమందు కాపురమున్న మా చెల్లెలి యింట కొన్నివారము లుంటిమి. మావారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయు లగుటచే వేసవియందు దప్ప వారికి విరామము లేదు. ఆ నగరపు సముద్రతీరమును, ఓడలరేవును, జంతుప్రదర్శనశాలను వర్ణించినవారు పలువురు కలరు. మేము ఒక చిన్న భోజనశాలలో గడపిన రాత్రిని గూర్చి వ్రాయదలచితిమి. అచట సోదరీమణులకు సంతోషముతో చెప్పదగిన వంటయు నుండెను. చెప్పుటకు సంకోచము గలిగించు పానీయమును నుండెను. రెండింటిని దాచక చెప్పెదము.

శాండియాగో మెక్సికో సరిహద్దునకు మిక్కిలి చేరువ. 1848వ సంవత్సరపు సంధివఱకు ఆ ప్రాంతము మెక్సికోదే. కావున టాకో అచట పరదేశపు వంట కాదు, ఆ నేలవంటయే. మేము పోయిన భోజనశాలలో వడ్డించువారు లేరు. అంగడివానివలె అడ్డుబల్లకడ నిలిచి కావలసినది చెప్పి, వెల చెల్లించి, అంకె గల చీటిని తీసికొని కూర్చుండవలయును. అంకె పిలువబడగానే పోయి కాగితము పఱచిన చిన్న బుట్టలలో ఆహారమును తెచ్చుకొనవలయును. చెంచాలతో పని లేదు. ధనికులును కూలివారును చేతితోనే తినుచుండిరి. ఆ దృశ్యమును జూచి మావారు "ఈ దేశమునకు వచ్చిన పిమ్మట నేటికి హాయిగా భోజనము చేయుచున్నాను" అనిరి.

టాకో యనగా మొక్కజొన్నపిండితో చేసిన పలుచని చిన్న రొట్టెపై కూరయు పచ్చడియు నుంచి మడచి తిను వంటకము. రొట్టెను టోర్టియా యందురు. మన యింట మొక్కజొన్నపిండితో రొట్టె చేయబోయిన అంచులు పగులుట మీ రెఱుగుదురు. అది వారికి పగులకుండుటకు కారణ మేమని విచారింపగా నొక చక్కని సంగతి తెలిసినది. వారు గింజలను సున్నపునీటిలో నుడికించి, రాత్రియంతయు నాననిచ్చి, మఱునాడు కడిగి పొట్టు తీసి, తడిగనే రుబ్బుదురు. ఇట్లు సిద్ధమైన మొక్కజొన్నకు మెక్సికో ప్రాచీనులు పెట్టిన పేరు నిక్స్‌టమాల్. సున్నముచేత పిండికి జిగి వచ్చును. అంతకంటె గొప్ప లాభ మింకొకటి కలదు. మొక్కజొన్నలో నయాసిన్ అను పోషకము దేహమునకు పట్టని రూపమున బంధింపబడి యుండును. సున్నపునీరు దానిని విడిపించును. ఐరోపావారు మొక్కజొన్నను తమ దేశములకు తీసికొనిపోయిరి గాని ఆ తల్లుల సున్నపుకుండను తీసికొనిపోలేదు. అందుచే ఇటలీ మొదలగు దేశములలోను, తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రములలోను, మొక్కజొన్నయే దిక్కైన బీదలకు పెలాగ్రా యను వ్యాధి ప్రబలి, చర్మము చెడి, బుద్ధి చలించి, అనేకులు మరణించిరి. అది అంటువ్యాధి కాదు, ఆహారలోప మని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు 1915 ప్రాంతమున నిరూపించెను. మన తెలుగునాటికి నీ వ్యాధితో సంబంధము లేకపోలేదు. జొన్నయే ప్రధానాహారముగా గల దక్కను బీదలలో పెలాగ్రా కలదని గోపాలన్, శ్రీకాంతయ్య అను వైద్యులు 1960లో వెల్లడించిరి. వంటయింటి యాచారములలో కొన్ని మూఢములైన నుండవచ్చును. కొన్ని ప్రాణములను నిలిపినవి. ఏది యెట్టిదో విచారింపక త్రోసివేయరాదు.

ఇక పచ్చళ్ళు. ఒక మూల నాలుగైదు గిన్నెలలో నుంచిరి. ఎవరికి కావలసినంత వారు తీసికొనవచ్చును. వాటిని సాల్సా లందురు. ఎండుమిరపకాయలను, రామములగ పండ్లను, వెల్లుల్లిని పెనముపై మాడ్చి, మూడుకాళ్ళ రాతిరోటిలో నూరుదురు. కన్నులు మూసికొని నాలుకపై నుంచిన, మన రోటిపచ్చడియే. మొక్కజొన్నను నూరుటకు మన సన్నికల్లు వంటి వాలురాతిపలక కలదు. మరలు రాకమునుపు మెక్సికో స్త్రీలు తెల్లవాఱకమునుపే లేచి, ఆ పలకయెదుట మోకరించి, దినమునకు నాలుగైదు గంటలు నూరెడివారు. 20వ శతాబ్దపు పూర్వార్ధమున పల్లెలకు పిండిమరలు వచ్చిన పిమ్మట గాని వారి నడుములకు విశ్రాంతి కలుగలేదు. రుబ్బురోలిని విడిచి గ్రైండరును తెచ్చుకొన్న మన తల్లుల యానందము తెలిసినవారి కిది వేఱుగ చెప్పనక్కఱలేదు. 2010లో యునెస్కో సంస్థ మెక్సికో సంప్రదాయపు వంటను మానవజాతి వారసత్వములలో నొకటిగా గుర్తించినది. ఆ గౌరవములో ఆ మోకాళ్ళకును భాగము కలదు.

మిరపకాయయు, రామములగయు, మొక్కజొన్నయు అమెరికాఖండమునుండి మనకు వచ్చినవే. పోర్చుగీసువారి యోడలకు పూర్వము మిరియమే మనకు కారము. నన్నయ తిక్కనలు మొదలు శ్రీనాథునివఱకు గల మన మహాకవు లెవ్వరును మిరపకాయ నెఱుగరన్న మాట తలచికొని మేము నవ్వుకొంటిమి. బదులుగా కొత్తిమిరయు, నిమ్మయు, చింతపండును మన వైపునుండి వారికి చేరినవి. అచట చింతపండు పానకము నమ్ముదురు. హమైకా యను నింకొక యెఱ్ఱని చల్లని పానీయమును రుచి చూడగా, ఈ పులుపెచటనో యెఱిగినదే యనిపించినది. అడిగి తెలిసికొంటిమి: అది గోంగూర జాతి మొక్కయొక్క కాయలను కప్పియుండు ఎఱ్ఱని రేకుల కషాయమే. మన మాకును తిని రేకులను విడిచితిమి. వారు రేకులను పట్టుకొనిరి.

శాకాహారులకు రెండు మాటలు. మేము చిక్కుడుగింజల ముద్దతో నొకటియు, గుమ్మడిపూలతో నొకటియు, నాగజెముడు ముక్కలతో నొకటియు తింటిమి. మన పల్లెలలో కంచెగా నుండు నాగజెముడు అచట ముళ్ళు తీసి వేపిన కూర! బెండకాయవలె కొంచెము జిగురు; పులుపు కలదు. అయితే చిక్కుడుముద్దలో పందికొవ్వును, అన్నములో కోడిపులుసును తఱచు కలుపుదురు గావున ముందే యడుగవలయును. అడిగినచో వారు విసుగుకొనక చెప్పిరి.

భోజనము సగమగునప్పటికి మా చెల్లెలు తనకొఱకు తెచ్చుకొన్న పానీయము మా కన్నులబడినది. ఒక కొయ్యపలకపై నాలుగు చిన్న గాజుగ్లాసులు. ఒక్కొక్కటి సుమారు 120 మిల్లీలీటర్లు. ఒకటి పసుపు, ఒకటి తేనెవన్నె, ఒకటి రాగివన్నె, ఒకటి కాటుకవలె నలుపు. నాలుగును బీరులే, ఆ నగరమందలి చిన్న యుత్పత్తిదారులు స్వల్పముగా చేయునవి. వీటిని క్రాఫ్టు బీరు లందురు. మా మఱది నాడు కారు నడుపవలసినవాడు గావున హమైకానే పుచ్చుకొనెను. త్రాగునది పురుషుడు కాదు, మా చెల్లెలు! మాకు ముద్ద మ్రింగుడు పడలేదు.

కారణము చెప్పవలయును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరదీప మను నుద్యమమున చదువు నేర్చిన స్త్రీలు సారాయంగడిని మూయించిరి. రోసమ్మగారి పేరు తెలుగునాట నెవరెఱుగరు? 1993 అక్టోబరులో రాష్ట్రమున సారాయియు, 1995 జనవరిలో మద్యమంతయు నిషేధింపబడినవి. 1997లో మద్యనిషేధము సడలెను. మా యూర దుకాణము తెఱచిన యేడాదిలోపల మా పినతండ్రి దానికి దాసు డయ్యెను. మా పినతల్లి మెడలోని గొలుసు పోయెను. చేతి గాజులు పోయెను. రాత్రులు ఆమె వీధియరుగుపై దీపముతో కూర్చుండెడిది. చిన్నపిల్లలమైన మేమును మా చెల్లెలును ఆమెకు తోడుగా కూర్చుండి, ఆమె యొడిలోనే నిద్రించెడివారము. అట్టి యరుగుమీద పెరిగిన పిల్ల చేతిలో నీ గ్లాసు!

అయినను మేము కోపమును కనుపఱుపక, ఇది యెట్లు చేయుదురని యడిగితిమి. ఆమె చెప్పినది. యవలను నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టుదురు. మనము పసిపిల్లలకై రాగులను మొలకెత్తించి యెండబెట్టి విసరుటయు నిదే పద్ధతి. మొలకలో పిండి తీపిగా మాఱును. ఆ తీపినీటిని హాప్సు అను తీగ పూలతో కాచుదురు. ఆ తీగలో ఆడుమొక్కల పూలే పనికివచ్చును. చేదును, సువాసనయు, చెడకుండు గుణమును వానివే. చల్లార్చి ఈస్టు కలిపిన పులియును. తరవాణికుండ నెఱిగిన మనకు పులియుట క్రొత్త కాదు. మేము త్రాగలేదు గాని నాలుగింటి వాసన చూచితిమి. ఆమె రుచి చెప్పినది. గోధుమ బీరులో లవంగమును అరటిపండును వేయకయే ఆ వాసనలు పుట్టినవి. అది ఈస్టు మహిమ యట. రెండవదానిలో మొక్కజొన్న కలదు, తేలిక. మూడవదాని పేరులోనే మన దేశము కలదు: ఇండియా పేల్ ఏల్. పూర్వ మింగ్లీషువారు మన దేశమందున్న తమవారికై ఓడలలో పంపిన, హాప్సు మెండుగా గల బీరువంశము. కాకరవలె చేదు, మామిడితొక్క వాసన. నాలుగవది మాడ్చిన యవలది, కాఫీగింజ వాసన.

"అక్కా, బీరు మొదట ఆడువారి పనియే" అని యామె నవ్వినది. అది నిజమే. సుమారు 3800 సంవత్సరముల క్రిందట సుమేరు దేశపు మట్టిపలకలపై బీరుదేవతయైన నింకాసికి స్తోత్రము వ్రాయబడినది. మధ్యయుగపు టింగ్లండులో ఇంటింట ఏల్ కాచి యమ్మినవారిలో స్త్రీలే మెండు. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధ ముండెను. 1978లో కార్టరు అధ్యక్షుడు ఇంటియందు బీరు చేసికొనుట నంగీకరించు చట్టముపై సంతకము చేసిన పిమ్మట ఈ చిన్న యుత్పత్తిదారులు పెరిగిరి. మన గ్రంథములందును సుర లేకపోలేదు. కౌటిల్యుడు సురాధ్యక్షు డను నధికారినే నియమించెను. కాని కచుని బూడిదను సురలో త్రాగిన శుక్రాచార్యుని కథ వినిన వారము; ఎంత జ్ఞానియైనను తన గ్లాసులో నేమున్నదో యెఱుగని క్షణము వచ్చు ననియే మే మా కథ నర్థము చేసికొంటిమి.

అప్పుడు చెల్లెలి కూతురు, తొమ్మిదేండ్ల పిల్ల, "పెద్దమ్మా, నీవు రుచి చూడవా?" అని యడిగినది. "అది మన యింట నొకరిని చాల దుఃఖపెట్టినదమ్మా. అందుచే వద్దు" అంటిమి. మా మఱది పిల్లను చేతులు కడుగుకొనుటకు తీసికొనిపోయెను. మావారును సంగతి గ్రహించి లేచిరి.

"అక్కా, కోపమా?"

"కోపము కాదు, భయము. పిన్ని జ్ఞప్తికి వచ్చినది."

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, "పిన్నిని నేనును మఱువలేదు. బాబాయి ఎచట త్రాగుచున్నాడో, ఎంత త్రాగుచున్నాడో, ఎప్పుడు వచ్చునో ఆమెకు తెలియకుండెడిది. నేను నా గ్లాసును నా బిడ్డ యెదుట, భర్త యెదుట, నీ యెదుట నుంచితిని. నెల కొక్కమాఱు ఇంతే. మించినదని తోచిన నన్నడుగుము" అన్నది.

"సముద్రముల కావలనుండి చూచుట యెట్లు?"

"చూడనక్కఱలేదు. అడిగిన చాలును. నీతో అబద్ధమాడను."

ఆ మాటతో మా భయము పూర్తిగా పోయిన దనము. మద్యమున కింతవఱకు హానిలేదను మేర యేదియు లేదని ప్రపంచారోగ్యసంస్థ 2023లో చెప్పినది. గర్భిణులు బొత్తిగా ముట్టరాదు. నాలుగు చిన్న గ్లాసులు కలిపిన పెద్ద గ్లాసే యగునని చెల్లెలికిని చెప్పితిమి. ఆమె నాలుగవదానిని సగము విడిచినది. మా కొఱకో, చేదు కొఱకో మేమడుగలేదు.

సోదరీమణులారా, దూరదేశములందున్న మన చెల్లెండ్రు, కూతుండ్రు, కోడండ్రు మన మెఱుగని బల్లలయెదుట కూర్చుండుచున్నారు. వారిని చీవాట్లు పెట్టిన మనయెదుట గ్లాసును దాతురు. దాచిన గ్లాసే మా పినతల్లి కొంప ముంచినది. ఏమియు ననక యూరకుండుటయు ప్రేమ కాదు. మన కిష్టము లేనిదానిని మనము ముట్టక, ఏల ముట్టమో పిల్లలకు విప్పి చెప్పి, వారిని తఱచు అడుగుచుండుటయే మాకు తోచిన మార్గము. మేము ప్రతి మాసమును ఫోనులో అడుగుచున్నాము. ఆమె చెప్పుచున్నది. గత మాసమున "లేదక్కా, ఈమాఱు మే మింటనే టోర్టియాలు చేసికొంటిమి, సున్నపునీరు ఎక్కువై చేదెక్కినది" అని నవ్వినది. గింజలను ఇంకను రెండుమాఱులు కడుగుమని చెప్పితిమి.