సాలార్‌జంగ్‌లో ఆయుధాల గది – అటక మీద పాత పిస్తోలు

పాతబస్తీ అనగానే మనకు గుర్తొచ్చేవి లాడ్ బజారు గాజులు, ముత్యాలు, చార్మినారు దగ్గర ఇరానీ చాయ్. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినా ముసుగు రెబెక్కానూ, గంటలు కొట్టే గడియారాన్నీ చూసి వచ్చేస్తాం. ఆయుధాల గది మగవాళ్ళకూ, పిల్లలకూ వదిలేస్తాం. ఈసారి మీరూ ఓ పావుగంట అక్కడ ఆగండి.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులతో 1951లో దివాన్ దేవిడీలో మొదలైన ఈ మ్యూజియం, 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది.

పాత తుపాకుల్లో పెర్కషన్ రివాల్వర్లది ఓ ప్రత్యేకమైన కథ. దీపావళికి పిల్లలు బొమ్మ తుపాకీలో కేపు పెట్టి పేలుస్తారు చూశారూ, కిటుకు అదే! సిలిండర్‌లోని ఒక్కో అరలో తుపాకి మందు పోసి, సీసపు గుండు కూరి, వెనక ముక్కుకు చిన్న రాగి కేపు తొడుగుతారు. హేమర్ దెబ్బకు కేపు పేలి మందు అంటుకుంటుంది. అమెరికావాడు శామ్యూల్ కోల్ట్ 1836లో తమ దేశంలో పేటెంటు తీసుకున్నాడు. 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో అతని ఆరు గుళ్ళ రివాల్వరుకు రాబర్ట్ ఆడమ్స్ అయిదు గుళ్ళది పోటీగా నిలిచింది. 1857 తిరుగుబాటు నాటికి ఇంగ్లీషు ఆఫీసర్ల నడుముల్లో ఈ రెండూ ఉండేవి. ఆ ఏడాది జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులతో కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్ళింది అలాంటి ఆయుధాల ఎదుటికే. తర్వాత తయారు తూటాలు రావడంతో ఈ కేపుల రివాల్వర్లు మూలపడ్డాయి.

అలా మూలపడ్డ పిస్తోలొకటి మా తోటికోడలి పుట్టింట్లో అటక దులుపుతుంటే బయటపడింది. "చింతపండుతో తోమితే తళతళలాడదా అక్కా?" అంది. "అది ఇత్తడి చెంబు కాదమ్మా!" అన్నాను. ముత్తాతగారి గుర్తు పోతుందేమోనని వాళ్ళమ్మగారి దిగులు. పిల్లలు వెళ్ళకుండా గదికి తాళం వేయించి పోలీసులకు కబురు పెట్టించాం. తెలిసినవాళ్ళు వచ్చి చూస్తే ఒక అరలో మందు, గుండు అలాగే ఉన్నాయి! నల్లమందు పొడిగా ఉంటే నూరేళ్ళు దాటినా పేలుతుందట.

ఇలాంటివాటి విలువ కట్టేవాళ్ళు ముందు చూసేది మెరుపు కాదు. గొట్టం మీదా, సిలిండర్ మీదా, చట్రం మీదా నంబర్లు కలిశాయా? చెక్కిన అక్షరాలు పదునుగా ఉన్నాయా, అరిగాయా? మొదటి పూత ఎంత మిగిలింది? కేపు తొడిగే ముక్కులు పాతవేనా? గుండు పోసే అచ్చు, మందు కుప్పెతో సహా పెట్టె ఉంటే విలువ పెరుగుతుంది. గీరినా, తోమినా తగ్గుతుంది. 1950ల చివరి నుంచి ఇటలీలో కోల్ట్ నకళ్ళు చేస్తున్నారు, అదీ గమనించాలి.

చట్టం సంగతీ తెలుసుకోండి. పాతదైనంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదనుకోకండి. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది, బాగు చేసినా పేలని పాతవాటికే. అది తేల్చేది మనం కాదు. నూరేళ్ళు దాటిన పురావస్తువును అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపడానికీ 1972 చట్టం ఒప్పుకోదు.

అటక మీద అలాంటిది కనబడితే ముట్టుకోకండి, తోమకండి, అమ్మకండి. ముందు పోలీసులకు చెప్పండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్ళండి. గాజులు అటునుంచి వస్తూ కొనుక్కోవచ్చు!