రాతిని ప్రశ్నించుట

రాళ్లను ప్రోగుచేయు బాలుని సంచియందు మేలిమియు నుండును, కాకిబంగారమును నుండును. బంగారు వర్తకునకు గీటురాయి కలదు; బాలునకో ఆశ యొక్కటియే కలదు. తాను తెచ్చిన ప్రతి రాయియు కోట్ల యేండ్లనాటి ప్రాణి కావలెనని యతడు కోరును. ఆ కోరికయే యతని కన్నులను గప్పును. కావున శిలాజములను పరీక్షించుటకు వలయు గీటురాళ్లను గూర్చి, నా యనుభవమున దెలిసినంతవరకు, ఈ పత్రిక చదువరులకు విన్నవింప దలచితిని.

గత సంవత్సరము మా పాఠశాల విజ్ఞానప్రదర్శనమునకు ముందు, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మూడు రాళ్లను నా బల్లపై నుంచి, “మాస్టరుగారూ, ఇవి నిజమైన శిలాజములేనా?” యని యడిగెను.

మొదటిది కర్నూలు ప్రాంతపు సున్నపురాతి పలక. దానిపై నల్లని ఫెర్ను ఆకువంటి చిత్రము మిక్కిలి సుందరముగా నుండెను. భూతద్దముతో జూడగా నందు నడిమి యీనెయు లేదు, నరములును లేవు. కొమ్మలన్నియు రాతి పగులు మొదలుకొని వెలుపలికి బ్రాకినవి. మాంగనీసు గల నీరు పగులులలో నింకి యిట్టి చిత్రములను వ్రాయును. వీనికి డెండ్రైటులని పేరు. మఱియొక సాక్ష్యము గూడ గలదు. నేలపై మొక్కలు పుట్టి సుమారు 47 కోట్ల సంవత్సరములైనది. కర్నూలు సున్నపురాతి పొరలు అంతకంటె ప్రాచీనములు. పుట్టని బిడ్డకు నీడ యుండునా?

రెండవది చూపునకు వికారమైన చిన్న రాతిముక్క. అందు విఱిగిన నత్తగుల్లలు. రాజమహేంద్రవరము చెంత కాటేరు రాతిగనులయొద్ద తన తాతగారు పూర్వ మేరిరని బాలుడు చెప్పెను. దానికి జుట్టిన కాగితముపై తాతగారి చేవ్రాతతో ఊరిపేరును తేదియు నుండెను. అచ్చట లావా పొరల నడుమ గుల్లలు గల సున్నపురాయి యుండుట భూగర్భశాస్త్రజ్ఞు లెఱిగినదే. దాని వయస్సు సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరములు. గుల్ల పైపైన నతికినట్లు గాక రాతి లోనికి జొచ్చియున్నది. విఱిగినచోట లోపలి చుట్లు కనబడుచున్నవి. ఇది నిస్సందేహముగా నిజమైనది.

మూడవది బాలుని ప్రాణము. విదేశమున నుద్యోగము చేయు తండ్రి యధిక మూల్యమిచ్చి కొనితెచ్చిన మొరాకో దేశపు ట్రైలోబైటు. ఈ జీవులు సుమారు 52 కోట్ల యేండ్ల క్రిందట సముద్రములలో గనబడి, 25 కోట్ల యేండ్ల క్రిందట నశించినవి. మొరాకో కొండలలో వీనిని త్రవ్వి, శుభ్రపఱచి యమ్ముట యనేకులకు జీవనోపాధి. నిపుణులైన పనివారితోపాటు, రెసినుతో పోతపోసి యమ్మువారును గలరు. నేను భూతద్దముతో జూచితిని. రాతిలోని సన్నని పగులు ప్రాణి దేహముగుండ నేకధారగా సాగినది. దేహము రంగు రాతి రంగునకు భిన్నము. ఇవి మంచి గుఱుతులు. కాని ప్రక్కల నున్న ముండ్లపై సూదిమొనయంత బుడగల గుంటలు కనబడెను. కాచిన సూదిని ఒక ముంటి యడుగున మెల్లగా దాకించితిని. రాయి యైనచో కరగదు. ఇది కరగి దుర్గంధ మిచ్చెను. దేహము నిజము, ముండ్లు కల్పితములు.

బాలుని ముఖము వాడిపోయెను. “ముండ్ల సంగతి చెప్పకున్న నెవ్వరికి దెలియును?” అని తోడి బాలుడొకడు పలికెను. అప్పుడు నేను వారికి బెరింజరు కథ చెప్పితిని. 1725లో జర్మనీ దేశపు వూర్ట్స్‌బర్గు నగరమున నాచార్యుడైన యాయనకు సూర్యచంద్రుల బొమ్మలును, హీబ్రూ అక్షరములును గల వింత రాళ్లు లభించినవి. అవి యులితో జెక్కినట్లున్నవని తానే గుర్తించియు, వానియందలి మోజుచేత నమ్మి, 1726లో నొక గ్రంథమును బ్రకటించెను. ఆ రాళ్లు తన సహోద్యోగులే చెక్కించినవని పిదప దేలెను. ఆయనకు విద్య కొఱవడలేదు. తనకు బ్రియమైనదానిని ప్రశ్నించు ధైర్యమే కొఱవడినది.

బాలుడు మాఱుపలుకక పోయి, మఱునాడు తానే చీటి వ్రాసి తెచ్చెను: “ట్రైలోబైటు. మొరాకో. దేహము సహజము. ముండ్లు మనుష్యనిర్మితములు.” ప్రదర్శనమునాడు తండ్రి యా చీటిని రెండుమాఱులు చదివెను. నా గుండె దడదడలాడెను. ఆయన కుమారుని చేతినుండి భూతద్దము గైకొని, “ఏ ముల్లు కల్పితమో చూపుము, నాయనా” యనెను. బాలుడు చూపెను. ఆ దినమున వారిరువురును ఆ బల్లను చాలసేపు విడువలేదు.

విద్యార్థులారా! రాయి దొరకిన వెంటనే స్థలమును తేదిని వ్రాసియుంచుడు. ఊరులేని యందమైన రాతికంటె ఊరుగల వికారపు రాయి మేలు. సందేహమున్నచో చీటిపై “సందేహము” అని వ్రాయుడు. అందు సిగ్గుపడ నక్కఱలేదు. కాచిన సూదిని పెద్దల చేతికే విడువుడు. ఏ రాయి మీకు మిక్కిలి ప్రియమో, దానినే యన్నిటికంటె ముందు ప్రశ్నింపుడు.