చప్పుళ్ల సంత

సివిల్స్‌ కోచింగ్‌కు వెళ్లినవాళ్లకు కరోల్‌బాగ్‌ అంటే ఇరుకు గదులు, పుస్తకాల కట్టలు. పెళ్లి షాపింగ్‌కు వెళ్లినవాళ్లకు అజ్మల్‌ఖాన్‌ రోడ్డు లెహంగాలు. ఇంట్లో పాత బుల్లెట్‌ ఉన్నవాళ్లకు మాత్రం... నాయీవాలా గల్లీలు! బండి గొంతునే మార్చేసే సైలెన్సర్లు వరసగా వేలాడే ఆ సందుల్లోకి ఓసారి వెళ్లొద్దామా!

ఢిల్లీ రాజీవ్‌చౌక్‌లో బ్లూలైన్‌ మెట్రో ఎక్కితే మూడో స్టేషనే కరోల్‌బాగ్‌. ఝండేవాలా దాటగానే కిటికీలోంచి 108 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కనిపిస్తుంది. స్వామి కనిపించాడంటే దిగడానికి సిద్ధం కావాల్సిందే. స్టేషన్‌ మెట్లు దిగి బట్టల దుకాణాలూ, సెల్‌ఫోన్ల గఫార్‌ మార్కెట్టూ ఉన్న సందడిలో దారి అడగక్కర్లేదు. చెవులు రిక్కిస్తే చాలు. 'ధబ్‌... ధబ్‌... ధబ్‌...' అంటూ ఎక్కణ్నుంచో ఓ శబ్దం వినిపిస్తుంది. దాని వెంట నడిస్తే నాయీవాలా వచ్చేస్తుంది.

దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబ్‌ నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఎన్నో కుటుంబాలు తలదాచుకున్న పేట కరోల్‌బాగ్‌. 1921లో గాంధీజీ ప్రారంభించిన టిబ్బియా కాలేజీ ఉన్నదీ ఇక్కడే. తెలుగువాళ్లకూ కొత్త చోటేం కాదు. పక్కనే ప్రసాద్‌నగర్‌లో ఆంధ్రా స్కూలుంది. పాత రాజేంద్రనగర్‌లో ఐఏఎస్‌ కలలు కంటూ అద్దెగదుల్లో చదువుకునే మన పిల్లలెందరో! అలాంటి పేటలో నాయీవాలాది ప్రత్యేక ప్రపంచం. రోడ్డుకు అటూ ఇటూ బుల్లెట్లు. విప్పేసినవి, బిగిస్తున్నవి, రంగు కోసం ఎదురుచూస్తున్నవి. మెకానిక్‌ పనంతా పేవ్‌మెంట్‌ మీదే. దుకాణాల ముందు సంక్రాంతికి చెరుకుగడలు నిలబెట్టినట్టు సైలెన్సర్లు నిలబెట్టి ఉంటాయి. మిలమిలలాడే క్రోమువి కొన్ని, నల్లరంగువి కొన్ని.

వేసవి వస్తే ఇక్కడ మన ముఖాలూ కనిపిస్తాయి. హైదరాబాద్‌, విజయవాడ, విశాఖల నుంచి రైలు పార్సిల్‌లో బండి వేసుకుని ఢిల్లీలో దిగి, మనాలీ మీదుగా లేహ్‌ వెళ్లాలనుకునే కుర్రాళ్లు. బండిని చూపించుకుని బయల్దేరదామని ఇక్కడికి వస్తారు. వచ్చినవాళ్ల కళ్లు ముందు పడేది వాటిమీదే... సైలెన్సర్ల మీద!

ఎన్ని గొంతులో!

చీరల దుకాణంలో పేర్లున్నట్టే ఇక్కడా పేర్లున్నాయి. షార్ట్‌ బాటిల్‌, లాంగ్‌ బాటిల్‌, గోల్డ్‌స్టార్‌, మెగాఫోన్‌, డాల్ఫిన్‌, ఇందోరి, పంజాబ్‌... చెప్పుకుంటూ పోతే పెద్ద జాబితా.

'బాటిల్‌' అంటే సీసా ఆకారం. పొట్టిదైతే షార్ట్‌, పొడుగుదైతే లాంగ్‌. వీటి గొంతు బొంగురుగా, కాస్త నెమ్మదిగా ఉంటుంది. కంపెనీ సైలెన్సర్‌ తుప్పు పట్టి పోయినవాళ్లు ఎక్కువగా చూసేవి ఇవే. మెగాఫోన్‌ పేరులోనే ఉంది, చివరికి వచ్చేసరికి వెడల్పవుతుంది. ఇందోరి, పంజాబ్‌ రకాల్లో లోపల అడ్డుపలకలు తక్కువ. కిక్‌ కొట్టగానే వీధి వీధంతా లేస్తుంది!

గోల్డ్‌స్టార్‌కు మాత్రం పెద్ద కథే ఉంది. బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ కంపెనీ 1938 నుంచి 1963 దాకా తయారుచేసిన ఓ పందెపు మోటార్‌సైకిల్‌ పేరది. యాక్సిలరేటర్‌ వదిలినప్పుడు దాని సైలెన్సర్‌ పిట్ట కిచకిచల్లాంటి శబ్దం చేసేది. బండి పోయి ఆరు దశాబ్దాలైనా దాని సైలెన్సర్‌ ఆకారం మాత్రం కరోల్‌బాగ్‌ గోడలకు వేలాడుతూనే ఉంది. బుల్లెట్‌దీ అలాంటి ప్రయాణమే. ఇంగ్లండులో పుట్టింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్‌ ఇండియాగా కుదురుకుంది. పుట్టింట్లో కంపెనీ మూతపడ్డా తిరువొత్తియూర్‌ ఫ్యాక్టరీలో మాత్రం బతికింది. 2010 ప్రాంతంలో కొత్త ఇంజిన్‌ వచ్చేదాకా దేశమంతా తిరిగింది ఆ పాత కాస్ట్‌ ఐరన్‌ ఇంజిన్‌ బుల్లెట్లే. నాన్న నుంచో, మామయ్య నుంచో వారసత్వంగా వచ్చిన ఆ బండ్లకోసమే ఇప్పుడీ వెతుకులాటంతా.

చప్పుడు పుట్టేది ఎక్కడ?

బుల్లెట్‌ శబ్దం సైలెన్సర్లో పుడుతుందనుకుంటారు చాలామంది. కాదు. అది ఇంజిన్లోనే పుడుతుంది. పాత బుల్లెట్‌ 346 సీసీ. సిలిండర్‌ వెడల్పు 70 మిల్లీమీటర్లయితే, పిస్టన్‌ కిందికీ పైకీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు. పైగా బరువైన ఫ్లైవీల్‌. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌ కాబట్టి రెండు చుట్లకోసారి పేలుడు. నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతూ నిలకడగా ఉన్న బండిలో సెకనుకు ఎనిమిది పేలుళ్లన్నమాట. అంత నెమ్మది కాబట్టే ఒక్కో దెబ్బా విడిగా వినిపిస్తుంది. ఆ లయ ఏ సైలెన్సర్‌ పెట్టినా పోదు. సైలెన్సర్‌ మార్చేది గొంతునే, తాళాన్ని కాదు!

లోపల జరిగేది ఇదీ. మండిన వాయువు బెండ్‌పైపులోంచి దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. సైలెన్సర్లో చిల్లుల పలకలు, చిన్న చిన్న గదులు ఉంటాయి. శబ్ద తరంగం వాటికి కొట్టుకుని వెనక్కి తిరిగి, ఎదురొచ్చే తరంగంతో ఢీకొని బలహీనపడుతుంది. ఇంకోరకంలో చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఉన్ని కూరతారు. శబ్దాన్ని అది పీల్చుకుంటుంది. రెండూ లేకపోతే మిగిలేది ఉత్త గొట్టమే.

'బ్యాక్‌ప్రెషర్‌ ఉండాలి బాబూ' అని మెకానిక్‌లు చెబుతుంటారు. ఇంజిన్‌కు అడ్డంకి అవసరమని కాదు దానర్థం. పైపు పొడవు, సైలెన్సర్‌ లోపలి గదుల్ని బట్టి తరంగం వెనక్కి వచ్చే సమయం ఉంటుంది. కార్బురేటర్‌ను కూడా దానికి తగ్గట్టే అమర్చి ఉంటారు. గొట్టం మార్చి కార్బురేటర్‌ను అలాగే వదిలేస్తే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ కావచ్చు. అప్పుడు ఇంజిన్‌ వేడెక్కుతుంది. కొత్త బెండ్‌పైపు కొద్దిరోజులకే నీలిరంగుకు తిరుగుతుంది. ఎగ్జాస్ట్‌ వాల్వుకూ ముప్పే. పైగా గొట్టం తెరిచేసినంత మాత్రాన 18 హార్స్‌పవర్ల బుల్లెట్‌ గుర్రమై పరిగెత్తదు. పెరిగేది చప్పుడు. అది చెవికి వేగంలా అనిపిస్తుంది, అంతే!

రెండు స్ట్రోకుల బండ్లు... ఆర్‌ఎక్స్‌ 100, యెజ్డీ లాంటివాటి సంగతి ఇంకా సున్నితం. వాటిలో సైలెన్సర్‌ ఇంజిన్‌లో భాగంలాంటిదే. బయటికి పోబోతున్న తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెట్టేది ఆ గొట్టంలోంచి తిరిగొచ్చే తరంగమే. ఆకారం మారితే బండి స్వభావమే మారిపోతుంది.

కొనేముందు...

నాయీవాలాలో తొందరపడితే పప్పులో కాలేసినట్టే. సోమవారం మార్కెట్‌కు సెలవు. మిగతా రోజుల్లో ఉదయాన్నే వెళితే దుకాణదారు నాలుగు మాటలు చెప్పే తీరికలో ఉంటాడు. బండి ఏ సంవత్సరానిదో, ఇంజిన్‌ పాతదో కొత్తదో ముందే చెప్పాలి. కాస్ట్‌ ఐరన్‌ బండి బెండ్‌పైపు, కొత్త ఇంజిన్‌ బండి బెండ్‌పైపు ఒకటి కావు.

సైలెన్సర్‌ను చేతికి తీసుకోవాలి. బరువు చూడాలి. మరీ తేలికైతే రేకు పలుచనన్నమాట. వేలితో తడితే డబ్బాలా మోగేది నాలుగు వానలకే చిల్లులు పడొచ్చు. ఒక చివర టార్చి వేసి మరో చివర నుంచి చూడాలి. వెలుతురు నేరుగా కనిపిస్తే, గొట్టం లోపలి గోడకు చిల్లులున్నాయో లేదో గమనించాలి. చిల్లులుంటే వెనక గాజు ఉన్ని ఉండొచ్చు. నున్నగా ఉంటే మాత్రం అది సైలెన్సర్‌ కాదు, బాకా! అయస్కాంతం అంటుకోకపోతే స్టెయిన్‌లెస్‌ స్టీలని నమ్మొచ్చు. అంటుకున్నంత మాత్రాన నాసిరకం అనుకోనక్కర్లేదు. సైలెన్సర్లకు వాడే స్టెయిన్‌లెస్‌లోనూ అయస్కాంతానికి అంటుకునే రకాలున్నాయి.

బిగించాక సెంటర్‌స్టాండ్‌కు తగులుతోందేమో, బండి పక్కకు వాలితే రోడ్డును గీరుతుందేమో చూసుకోవాలి. వెనక కూర్చునే అమ్మ కాలు, చెల్లెలి చుడీదార్‌ కాలే సైలెన్సర్‌కు ఎంత దూరంలో ఉంటాయో కూడా చూడాలి. ఇల్లాలి మాట ఇక్కడ చాలా అవసరం! ఆ తర్వాత కొంతదూరం నడిపి, స్పార్క్‌ప్లగ్‌ విప్పి చూడాలి. కొస తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలట్లేదు. మసిబారితే ఎక్కువైంది. లేత కాఫీ రంగులో ఉంటే అంతా సవ్యం. లేహ్‌ వెళ్లేవాళ్లకు ఇంకోమాట. కొండమీద గాలి పలుచన కాబట్టి అక్కడ మిశ్రమంలో పెట్రోలే ఎక్కువవుతుంది. ఢిల్లీలో సరిపోయిన సెట్టింగు కొండమీద సరిపోదు.

పక్కింటి పసివాడి సంగతి?

చప్పుడు మోజు ఒక్క ఉత్తరాదిదేం కాదు. 2021లో 'బుల్లెట్టు బండి' పాట తెలుగు పెళ్లిళ్లన్నింటా మోగిపోయింది. పాటతో ఎవరికీ పేచీ లేదు. అర్ధరాత్రి వీధిలో 'ఠాప్‌' మని తుపాకీ పేలినట్టు పేలే బండితోనే పేచీ. నడుస్తున్న బండి ఇగ్నిషన్‌ ఆపి మళ్లీ వేస్తే, మండని పెట్రోలు ఆవిరి వేడి సైలెన్సర్లోకి చేరి అక్కడ భగ్గుమంటుంది. ఆ పేలుడు సైలెన్సర్‌నూ తినేస్తుంది, ఎదురొస్తున్న ముసలాయన గుండెనూ జారుస్తుంది.

చట్టం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. మోటారు వాహనానికి శబ్దం తగ్గించే సైలెన్సర్‌ ఉండి తీరాలంటాయి 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనం ఫ్యాక్టరీ పరీక్షలో 80 డెసిబుల్స్‌ మించకూడదని 2000ల్లో పరిమితి పెట్టారు. ఇళ్లుండే చోట రాత్రివేళ 45 డెసిబుల్సే హద్దంటాయి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. 2019లో సవరించిన మోటారు వాహన చట్టం ప్రకారం శబ్ద ప్రమాణాల్ని ఉల్లంఘిస్తే రూ.10 వేల దాకా జరిమానా, మూడు నెలల వరకూ జైలు, లైసెన్సుకు అనర్హతా తప్పకపోవచ్చు. పట్టుకున్న సైలెన్సర్లను నడిరోడ్డు మీద పరిచి పోలీసులు రోడ్డురోలర్‌తో తొక్కించిన దృశ్యాలు టీవీల్లో చూసినవే. పదిహేనేళ్లు నిండిన బండికి రిజిస్ట్రేషన్‌ పొడిగించుకోవాలంటే ఆర్టీఓ ముందు నిలబెట్టాల్సిందే. అక్కడ ఆ మోత ఎవర్నీ మెప్పించదు.

ఢిల్లీలో అయితే ఇంకా చిత్రం. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధానిలో తిరగకూడదని 2014లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఆ ఆంక్షల్ని సమర్థించింది. 2025లోనూ ఆ వ్యవహారం మళ్లీ కోర్టు మెట్లెక్కింది. పాత బుల్లెట్‌కు ప్రాణం పోసే సామానంతా దొరికే ఊళ్లోనే పాత బుల్లెట్‌కు చోటు కరవన్నమాట!

పారేయకండి... అదే బంగారం!

ఈ సందుల్లో మెరిసే కొత్తవాటి మధ్య ఎవరూ పెద్దగా చూడని ఓ కుప్ప ఉంటుంది. బండ్ల నుంచి విప్పి పడేసిన పాత కంపెనీ సైలెన్సర్లు. సొట్టలు, తుప్పు మరకలు. కుర్రాళ్లు విప్పించేసి వెళ్లిపోతారు. కొన్నేళ్లకు మోజు తీరి, ఇంట్లో పాప పుట్టి, రాత్రి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు వీధి చివరే ఇంజిన్‌ ఆపి బండి నెట్టుకుంటూ రావాల్సిన పరిస్థితి వచ్చాక దానికోసమే వెతుకుతారు. అప్పుడది దొరకదు. కొత్తది బిగించుకున్నా సరే, విప్పిన పాతదాన్ని గోనెసంచిలో చుట్టి అటకెక్కించడం తెలివైన పని. చిల్లు పడితే వెల్డింగ్‌ చేయించొచ్చు. క్రోము పోతే మళ్లీ పూత పూయించొచ్చు. లోపలి పలకలు బాగుంటే దానికింకా ఆయుష్షున్నట్టే.

మోతెక్కువ సైలెన్సర్‌ వద్దనడానికి చేయితిరిగిన మెకానిక్‌లు చెప్పే కారణం పోలీసులూ కాదు, పక్కింటివాళ్లూ కాదు. పాత బుల్లెట్‌ తన కష్టం శబ్దంతోనే చెప్పుకుంటుంది. టాపెట్లు వదులైతే టిక్‌టిక్‌మంటుంది. ప్రైమరీ చైన్‌ సాగితే గరగరమంటుంది. బిగ్‌ఎండ్‌ బేరింగ్‌ అరిగితే లోపల్నుంచి గుద్దినట్టుంటుంది. డాష్‌బోర్డు మీద దీపాలు వెలిగి హెచ్చరించే కాలంనాటి బండి కాదది. చెవి పెట్టి వినేవాడికే దాని సంగతి తెలుస్తుంది. సైలెన్సర్‌ గట్టిగా అరుస్తుంటే ఆ చిన్న చిన్న మూలుగులు ఎవరికి వినిపిస్తాయి? వినిపించేసరికి ఇంజిన్‌ విప్పాల్సి వస్తుంది.

కాబట్టి నాయీవాలాలో బేరమాడేటప్పుడు 'ఎంత గట్టిగా మోగుతుంది?' అని కాదు, 'ఇది బిగించాక నా బండి మాట నాకు వినిపిస్తుందా?' అని అడగాలి. అవునన్నదే మంచి సైలెన్సర్‌. అది కొనుక్కుని మెట్రో స్టేషన్‌ దారిలో అజ్మల్‌ఖాన్‌ రోడ్డులో ఓ కుల్ఫీ తింటే... కరోల్‌బాగ్‌ ప్రయాణం చల్లగా ముగిసినట్టే!