కొనేవాళ్ళు లేని చేప

సత్తెనపల్లి చేపల బజారులో శీలావతి, బొచ్చె, కొర్రమీను తట్టల పక్కన నేల మీద పడేసిన ఒక నల్లటి చేప కంటబడింది. ఒళ్ళంతా ఎముక పలకలు, వాటి మీద మచ్చలు, తల అడుగున నోరు. "దెయ్యం చేప బాబూ. మంచి చేపలతో కలిసి వచ్చింది. ఊరికే ఇస్తానన్నా ఎవరూ పట్టుకెళ్ళరు" అంది చేపలమ్మే ఆవిడ. కృష్ణలోనే పడుతోందని చెబితే, అచ్చంపేట మీదుగా మాదిపాడు రేవుకు వెళ్ళాను.

రేవుకు ఎగువన పులిచింతల, అవతలి ఒడ్డున ముక్త్యాల. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. "దీని ముళ్ళు వలలో ఇరుక్కుంటే ఊడి రావండీ. వలే కోసుకోవాల్సిందే. ఒకప్పుడు వాలుగలు, జెల్లలు పడే చోట ఇప్పుడిది పడతా ఉంది" అన్నాడు. దొరికినదాన్ని ఏం చేస్తారని అడిగాను. కొందరు ఒడ్డున పారేస్తారట, కొందరు ప్రాణం కదా అని మళ్ళీ ఏట్లోనే వదిలేస్తారట. ఒడ్డున పడేసినా అది తొందరగా చావదు. కడుపులోకి గాలి మింగి నీళ్ళ బయట గంటల తరబడి బతుకుతుంది. తడినేల మీద పాకి మళ్ళీ నీళ్ళలో పడుతుంది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్వేరియం అద్దాలకు పట్టిన పాచి తింటుందని పెంపకందారులు తెచ్చుకున్నారు. పెద్దదై తొట్టిలో పట్టకపోతే చెరువులోనో కాలవలోనో వదిలేశారు. మగచేప గట్టులో బొరియ తవ్వి గుడ్లను కాపలా కాస్తుంది. బొరియలు పెరిగేకొద్దీ గట్లు బలహీనపడతాయి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్ళలో మిగిలిన డీఎన్ఏ ఆనవాళ్ళను బట్టి వెతికితే, తూర్పు కనుమల్లో దాదాపు 60 శాతం నీటి వనరుల్లో ఈ జాతి జాడ కనిపించింది.

సముద్రాల్లోనూ ఇదే కథ. మన బంగాళాఖాతంలో సహజంగా బతికే లయన్‌ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన కనిపించింది. అక్కడికి చేర్చింది అక్వేరియం పెంపకమేనని శాస్త్రవేత్తల అభిప్రాయం. అక్కడి చిన్న చేపలకు దాన్ని చూసి తప్పుకోవడం తెలియదు. బహామాస్ పగడపు దిబ్బల దగ్గర ఒక పరిశోధనలో, లయన్‌ఫిష్ ఉన్న చోట కొత్తగా చేరే పిల్ల చేపలు ఐదు వారాల్లో సుమారు 79 శాతం తగ్గాయి. 1869లో తెరుచుకున్న సూయజ్ కాలువ గుండా ఎర్రసముద్రపు చేపలు మధ్యధరా సముద్రంలోకి చేరాయి. వాటిలో విషమున్న బుడగచేప ఒకటి. అది అక్కడి జాలర్ల వలలు కొరికేస్తోంది. మనకూ నాగార్జునసాగర్ కుడికాలువ ఊరూరి చెరువులను కలుపుతూ పోతుంది. ఒక చెరువులో వదిలిన చేప ఆ చెరువులోనే ఉంటుందన్న నమ్మకం పెట్టుకోలేం.

ఇంత జరుగుతున్నా నష్టం మాత్రం వల వేసేవాడిదే. తొట్టిలో చేప పెరిగి విసుగొచ్చినవాడికి ఒక్క రూపాయి పోదు. నాకు ఇది పెద్ద అన్యాయంగా తోచింది. అక్వేరియం చేపలు అమ్మే ప్రతి దుకాణమూ, ఆ చేప ఎంత పెరుగుతుందో, వద్దనుకుంటే ఎవరికి తిరిగివ్వాలో కొనేవాళ్ళకు చెప్పి తీరాలి. మత్స్యశాఖ కూడా రేవు రేవుకూ వెళ్ళి, పట్టిన దెయ్యం చేపను తిరిగి నీళ్ళలో వదలొద్దని జాలర్లకు చెప్పాలి, తెగిన వలకు సాయం చేయాలి.

మీ ఇంట్లో అక్వేరియం ఉంటే, అందులో చేప వద్దనుకున్న రోజున దాన్ని దుకాణానికే తిరిగివ్వండి. చెరువులో గానీ, కాలవలో గానీ, కృష్ణలో గానీ దయచేసి వదలకండి.